తల కొలవకుండా టోపీ అల్లలేం

మా వసతి గృహంలో ఒక అలవాటు ఉంది. వంటక్క ఇంట్లోనో, ఇక్కడ చదివి పెళ్లయి వెళ్లిన అక్కలకో బిడ్డ పుట్టిందని కబురు వస్తే మాలో ఎవరో ఒకరు క్రోషియా సూది పట్టుకుంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఎక్కడికి చేరాల్సినదైనా సరే, కబురుకు ముందు మాత్రం అల్లం. మన వైపు పుట్టకముందే బిడ్డకు కొత్త బట్టలు సిద్ధం చేయరు గదా. మొదట తొడిగేవి ఎవరివో పాత మెత్తని బట్టలే. కాబట్టి మాకు దొరికేది తొట్టెలలో వేసేదాకా ఉన్న ఇరవై ఒక్క రోజులు. అదీ స్టడీ అవర్ అయ్యాక, కరెంటు ఉంటే.

"అంగట్లో యాభై రూపాయలకు టోపీ దొరుకుతది, చదువుకునే పిల్లలకు ఇదేం పని?" అని పెద్దలు అంటారు. పరీక్షల నెలలో మేమూ సూదులు పెట్టెలో పడేస్తాం. కానీ కొన్న టోపీకీ అల్లిన టోపీకీ ఒక తేడా ఉంది. అల్లాలంటే బిడ్డ తల కొలవాలి.

అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్లు తక్కువ అల్లితే సాగి సరిపోతుంది. ఆరు ముడులతో మొదలుపెట్టి ప్రతి వరుసకూ ఆరేసి పెంచుకుంటూ పోతే గుండ్రటి బిళ్ల వస్తుంది. పది, పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు చేరాక పెంచడం ఆపితే అంచులు కిందికి దిగుతాయి. మన ఎండలకు ఊలు వద్దు, నూలు దారమే మేలు. పూసలు, రిబ్బన్లు కుట్టవద్దు, నోట్లోకి పోతాయి. పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయమని తల్లికి చెప్పి రావాలి.

కొలవాలంటే బిడ్డను ముట్టుకోవాలి. అక్కడే వస్తుంది చిక్కు. ఒక ఊళ్లో క్లాస్‌మేట్ అక్కకు కొడుకు పుడితే మాలో ఇద్దరు వెళ్లారు. ఛాయ్ ఇచ్చారు, మంచిగా మాట్లాడారు, బిడ్డను మాత్రం చేతికివ్వలేదు. అందాజుగా అల్లి పంపాం. నెల తర్వాత చూస్తే టోపీ గోడ మేకుకు వేలాడుతోంది, కాగితం కూడా విప్పలేదు. ఎందుకని మేము అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. "పసిబిడ్డ తప్పేముంది, మళ్లీ ఇద్దాం" అని మాలో కొందరు అన్నారు. మేము ఒప్పుకోలేదు. బిడ్డను ఎత్తుకోనిచ్చిన ఇంటికే మా టోపీ.

ఈ సూది మనవాళ్ల చేతికి కొత్తగా రాలేదు. 19వ శతాబ్దంలో నర్సాపురం ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు లేసు అల్లిక నేర్పినప్పుడు మొదట నేర్చుకున్నది పేద దళిత స్త్రీలే. కాపు స్త్రీలు తరవాత వచ్చారు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ లేసు స్త్రీల మీద పుస్తకం రాసింది. రోజంతా అల్లే మనిషిని ఖాళీగా ఉన్న గృహిణి కిందే లెక్కగట్టి అతి తక్కువ కూలీ ఇచ్చారనీ, లాభం వ్యాపారులకు చేరిందనీ అందులో చూపింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, కానీ గుర్తింపు వేరు, కూలీ వేరు.

అందుకే "ఆడపిల్లలకు అల్లిక నేర్పండి, బతుకుదెరువు అవుతుంది" అనే ఉపన్యాసాలకు మేము చప్పట్లు కొట్టం. మాకు డిగ్రీ కావాలి, నౌకరీ కావాలి. అల్లేది ఇష్టమైనవాళ్లకు. మగపిల్లలూ నేర్చుకోవాలి. లెక్కల్లో మందకొడి అనిపించుకున్న తమ్ముడొకడు ముడులు లెక్కపెట్టడంలో మమ్మల్ని మించిపోయాడు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. డబ్బు కాదు, మిగిలిన దారం పంపండి. ఈ ఏడు వంటక్క మనవరాలికి అల్లినది కాస్త వదులైంది. మళ్లీ కొలుస్తామంటే, "వద్దు బిడ్డా, చలికాలం దాకా తలకాయ పెరగదా?" అని బిడ్డను మా ఒళ్లో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది.