మందుకు పరీక్ష అవమానమా?

ఎండలు ముదిరిన నాళ్ళలో మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలలో ఎవరికైనా మూత్రం ఎర్రగా వచ్చినదంటే ఇంటిలోని పెద్దలు వెంటనే చెప్పే మాట "ఒంట్లో వేడి చేసింది" అని. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు, పల్లేరుకాయల కషాయం మొదలవుతాయి. మూడు నాలుగు రోజులలో ఎరుపు పోతుంది. రెండు నెలల తరువాత మరల వస్తుంది. మరల అదే కషాయం. నీరు తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ మెట్టసీమలో మూత్రాశ్మరి, అనగా రాళ్ళ జబ్బు, సామాన్యమే గనుక ఆ ఊహ పలుమార్లు నిజం కూడా కావచ్చు. కాని నొప్పి లేకుండా మూత్రంలో పడే రక్తాన్ని వేరుగా చూడవలసి ఉన్నది. మూత్రాశయంలో పుట్టే క్యాన్సర్‌కు చాలామందిలో తొలి గుర్తు అదే. ఆ రక్తం తనంతట తానే ఆగుతుంది, తనంతట తానే తిరిగి వస్తుంది. ఆగిన ప్రతిసారీ ఆ ఘనత కషాయానికి దక్కుతుంది. ఆ నడుమ గడ్డ పెరుగుతూ ఉంటుంది.

గురుకులంలో మాకు నేర్పిన అష్టవిధ పరీక్షలలో మూత్రపరీక్ష ఒకటి. ఉదయకాలపు మూత్రంపై నూనె చుక్క వేసి, అది విస్తరించే తీరును బట్టి దోషాన్ని, సాధ్యాసాధ్యతను ఊహించే తైలబిందు పరీక్షను గురువుగారి ఎదుట కూర్చుండి అభ్యసించినవాడను. దానిపై నాకు గౌరవమున్నది. అయినను మూత్రాశయపు లోపలి గోడపై చిక్కుడుగింజంత గడ్డ ఉన్నదో లేదో నూనె చుక్క చెప్పజాలదు. సన్నని గొట్టం ద్వారా లోపలికి చూచే సిస్టోస్కోపీ చెప్పగలదు. ప్రత్యక్షాన్ని ప్రమాణంగా అంగీకరించిన చరకసంహితను చదువుకొన్న మనం ఆ గొట్టాన్ని పరాయిదిగా భావించుట తగదు.

మూత్రాశయ క్యాన్సర్లన్నీ ఒకటి కావు. నూటికి దాదాపు తొంబది యురోథీలియల్ అనే రకానికి చెందినవి. ఇవి ఆశయపు లోపలి పొరలో పుడతాయి. మిగిలిన కొద్దిపాటిలో పొలుసుకణ రకం, గ్రంథికణ రకం, చిన్నకణ రకం మొదలైనవి ఉన్నవి. చిన్నకణ రకం నూటికి ఒకటి కూడా ఉండదు. పొలుసుకణ రకం చాలాకాలం రాయి గాని, మూత్రపు గొట్టం గాని లోపల నిలిచి ఒరిపిడి పెట్టినవారిలో కొందరికి కలుగుతుంది. రాయిని ఏండ్ల తరబడి మోస్తూ "అదే కరుగుతుందిలే" అని కూర్చొనేవారు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ఇక కారణం. మన ప్రాంతంలో ప్రతి జబ్బునూ ఫ్లోరైడు నీటి మీదికి నెట్టే అలవాటున్నది. ఫ్లోరైడు దంతాలను, ఎముకలను చెరుపుతుంది. పలకల గనుల దుమ్ము ఊపిరితిత్తులను చెరుపుతుంది. మూత్రాశయానికి ప్రధాన శత్రువులు చుట్ట, బీడీ, సిగరెట్టు. పొగలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా వడగట్టబడి, మూత్రాశయంలో గంటలకొద్దీ నిలువ ఉంటాయి. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్ళు పంపుకొనే సీమలో ఈ మాట కొందరికి రుచించదని తెలుసు.

వ్యాధి ముదిరి ఇతర అవయవాలకు పాకిన తరువాత కూడా సామాన్య రకం వారికి ఇటీవల కొంత మంచికాలం వచ్చినది. 2023లో ఫలితాలు ప్రకటించిన ఒక పరీక్షలో 886 మంది పాల్గొన్నారు. పాత పద్ధతి కీమోథెరపీ పొందినవారిలో సగంమంది 16.1 నెలలకు మించి జీవించగా, ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందులు కలిపి పొందినవారిలో సగంమంది 31.5 నెలలకు మించి జీవించారు. అరుదైన రకాలవారి దుస్థితి వేరు. ఇంత పెద్ద పరీక్షకు కావలసినంతమంది ఆ రోగులు దొరకరు. దొరకరు గనుక పరీక్ష ఉండదు, పరీక్ష ఉండదు గనుక రుజువైన మందు ఉండదు. వైద్యుడు సామాన్య రకపు మందునే ఊహమీద ఇవ్వవలసి వస్తుంది. జబ్బు అరుదైనందుకు రోగికి పడే శిక్ష ఇది.

ఈ లోటును పూరించుటకే అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో ఆండ్రియా అపోలో అనే వైద్యురాలి ఆధ్వర్యంలో ఒక పరీక్ష జరిగినది. అందులో వాడిన మందులు మూడు. కాబోజాంటినిబ్ అనే మాత్ర, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే సెలైన్ ద్వారా ఎక్కించే మందులు. మాత్ర క్యాన్సర్ కణాల మీది కొన్ని నిర్దిష్ట సంకేతాలను అడ్డగించి, గడ్డకు కొత్త రక్తనాళాలు మొలవకుండా చేస్తుంది. గురిచూచి కొట్టే మందు అంటే ఇదే. తక్కిన రెండూ గడ్డను నేరుగా ముట్టవు. మన దేహంలోని రక్షకకణాలకు సహజంగానే కొన్ని కళ్ళాలు ఉంటాయి. క్యాన్సర్ ఆ కళ్ళాలను బిగించి తాను తప్పించుకొంటుంది. ఈ మందులు వాటిని వదులు చేస్తాయి. ఆ కళ్ళాలను కనిపెట్టి చికిత్సకు దారి చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానం లభించినది.

వ్యాధినిరోధక శక్తిచేత మూత్రాశయ క్యాన్సర్‌ను ఎదుర్కొనుట నిన్నటి ఊహ కాదు. పుట్టిన బిడ్డల భుజానికి వేసే బి.సి.జి. టీకామందునే మూత్రాశయంలోకి పంపితే పైపొరలోని గడ్డలు తిరిగి రాకుండా నిలుపవచ్చునని 1976లోనే కెనడా వైద్యుడు ఆల్వారో మొరాలెస్ ప్రకటించారు. నేటికీ తొలిదశలో అది వాడుకలో ఉన్నది.

ఫలితాలను ఉన్నంతవరకే చెప్పాలి. 2024లో వెలువడిన వివరాల ప్రకారం రకరకాల మూత్రవ్యవస్థ క్యాన్సర్లు ముదిరిన 120 మంది ఇందులో చేరారు. పొలుసుకణ రకం మూత్రాశయ క్యాన్సర్ గలవారు ఏడుగురే. వారిలో ఆరుగురికి గడ్డలు గణనీయంగా తగ్గినవి. వినుటకు అద్భుతమే. కాని ఏడుగురి లెక్కతో ఊరంతా దండోరా వేయరాదు. పోల్చి చూచుటకు వేరే వర్గం కూడా ఆ పరీక్షలో లేదు. అందుకే అరుదైన రకాలవారి కొరకే ప్రత్యేకంగా 2019లో 'ఐకానిక్' అనే రెండవ దశ పరీక్షను అక్కడి అనేక ఆసుపత్రులు కలిసి ప్రారంభించినవి. అందులో ఒక్కొక్క రకాన్ని వేరుచేసి లెక్కిస్తారు. మందులు సౌమ్యమైనవీ కావు. తొలి పరీక్షలో అధికసంఖ్యాకులకు తీవ్రమైన దుష్ఫలితాలు కలిగినవి. కళ్ళాలు వదిలిన రక్షకకణాలు ఒక్కొక్కప్పుడు ప్రేవులను, కాలేయాన్ని, థైరాయిడ్‌ను కూడా కొడతాయి. మాత్రవలన రక్తపుపోటు పెరుగుట, అరచేతులు అరికాళ్ళు మండుట, విరేచనాలు ఉండవచ్చు. మన శాస్త్రపరిభాషలో ఇది వ్యాధిని యాప్యం చేసే ప్రయత్నం, అనగా అణచి ఉంచి ఆయువు పొడిగించుట. సాధ్యమైనదని ఎవరూ ప్రకటించలేదు.

"మనవాళ్ళను ఎలుకలను చేసి ప్రయోగాలు చేస్తారు" అనే భయం మన పల్లెలలో గట్టిగా ఉన్నది. అది ఊరికే పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయముఖ క్యాన్సర్ టీకా వేసినప్పుడు అనేకమంది అంగీకార పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమం నిలిచిపోయినది, 2013లో పార్లమెంటు సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టినది. మనకు పొరుగుననే ఉన్న పిడుగురాళ్ళ నుండి పేద స్త్రీలను డబ్బు ఆశచూపి హైదరాబాదుకు తీసికొనిపోయి మందులు పరీక్షించిన వ్యవహారం 2011లో బయటపడినది. ఈ రెండింటిలోనూ చెడినది పరీక్ష అనే పద్ధతి కాదు. మనిషికి తెలియజెప్పకుండా చేసిన మోసం చెడ్డది. 2009 నుండి ఔషధపరీక్షలను ముందుగా జాతీయ పట్టికలో నమోదు చేయుట తప్పనిసరి. 2019 నాటి నియమాల ప్రకారం నీతిసంఘం అనుమతి, రోగి వ్రాతపూర్వక అంగీకారం ఉండాలి; పరీక్షవలన హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం చెల్లించాలి. చేరినవారు ఎప్పుడైనను కారణం చెప్పకుండా వైదొలగవచ్చు. వీటిలో ఏది లేకపోయినా సంతకం పెట్టకండి. అన్నీ ఉన్న చోట మాత్రం భయంతో పారిపోవద్దని నా సలహా.

ఇక్కడ మా వైద్యసోదరులకు కొంత కటువుగా తోచే మాట ఒకటి చెప్పాలి. ఇంగ్లీషు మందును ఇంత పరీక్షించమని కోరే మనం, మన మూలికకు ఆ పరీక్ష వచ్చేసరికి "వేల ఏండ్ల అనుభవమున్నది, ఇంక పరీక్ష ఎందుకు, అది అవమానం" అంటాము. నల్లరేగడి గట్లమీద పెరిగే గాడిదగడపాకును మన పల్లెలలో క్రిమిహరమని కడుపులోకి ఇస్తారు. ఈశ్వరివేరును పాముకాటుకు వాడేవారున్నారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. రెండింటిలోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషమున్నది. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో సన్నబడుటకై ఇచ్చిన చీనా మూలికలలో పొరపాటున ఈ కుటుంబపు మొక్క కలియగా అనేకమంది స్త్రీల మూత్రపిండాలు పాడైన సంగతి 1993లో వైద్యపత్రికకెక్కినది. అట్లు చెడిన మూత్రపిండాలను, నాళాలను తీయించుకొన్న 39 మందిలో 18 మందికి మూత్రమార్గపు క్యాన్సర్ ఉన్నట్లు 2000లో తేలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ క్యాన్సర్ విభాగం ఈ మొక్కల మందులను మనుష్యులకు క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించినది. వేల ఏండ్ల అనుభవం దీనిని ఎందుకు పట్టుకొనలేదు? ఇచ్చిన ఆకు ఫలితం అనేక సంవత్సరాల తరువాత మూత్రంలో రక్తమై కనబడితే, రోగికి ఆ ఆకు గుర్తుండదు, వైద్యునికి ఆ రోగి గుర్తుండడు. లెక్క వ్రాసి, సంవత్సరాల తరబడి వెంబడించి చూచే పరీక్షకు మాత్రమే అది దొరుకుతుంది. గాడిదగడపాకు, ఈశ్వరి రెండింటినీ కడుపులోకి ఇచ్చే యోగాలనుండి పూర్తిగా తొలగించాలని నా అభిప్రాయం.

పరీక్షవలన మూలికకు గౌరవం పెరిగిన ఉదాహరణ కూడా మన పెరటిలోనే ఉన్నది. బిళ్ళగన్నేరు ఆకు మధుమేహానికి మందని అనేక దేశాలలో నమ్మిక. కెనడాలో నోబుల్, బీర్ అనే పరిశోధకులు దానిని పరీక్షించగా చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గినవి. ఆ వింతను వెంబడించి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. 1980లనుండి ముదిరిన మూత్రాశయ క్యాన్సర్‌కు వాడుతూ వచ్చిన నాలుగు మందుల కలయికలో అది ఒకటి, మరొకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనలనుండి పుట్టిన మందు అది. ఆ మహనీయుడు విదేశం వెళ్ళకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవారని ఎందరికి తెలుసు? (బిళ్ళగన్నేరు ఆకు నమిలితే క్యాన్సర్ పోతుందని మాత్రం ఎవరూ అపార్థం చేసికొనరాదు. వందల కిలోల ఎండుటాకునుండి గ్రాముపాటి మందు వస్తుంది. పచ్చి ఆకు విషం.)

ఖరీదు మాటేమిటని మధ్యతరగతి గృహస్థు అడుగుట న్యాయం. ఈ కొత్త మందులు లక్షలు మింగుతాయి. అయితే దారి వెదకినది కూడా పరీక్షయే. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు తల, మెడ క్యాన్సర్ ముదిరిన 151 మందిపై ఒక పరీక్ష జరిపారు. చౌక మాత్రలైన మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్‌లకు నివోలుమాబ్‌ను సాధారణ మోతాదులో పదవ వంతు కన్న తక్కువగా, 20 మిల్లీగ్రాములు మాత్రమే చేర్చి చూచారు. సంవత్సరం తరువాత జీవించి ఉన్నవారు నూటికి 16.3 నుండి 43.4కు పెరిగారు. అరుదైన మూత్రాశయ క్యాన్సర్లకు ఇటువంటి అల్పమోతాదు పరీక్ష మన దేశంలోనే జరగవలసి ఉన్నది. ఒక్క ఆసుపత్రికి రోగులు చాలరు. గుంటూరు, హైదరాబాదు, చెన్నై, ముంబయి ఆసుపత్రులు కలిస్తే చాలుదురు.

ఇటువంటి చికిత్సలో ఉన్నవారు ఇంటిమందులు కూడా వాడదలచితే ముందుగా క్యాన్సర్ వైద్యునికి చెప్పాలి. కాబోజాంటినిబ్‌ను కాలేయంలోని ఒక ఎంజైము విరుస్తుంది. పిప్పలి, మిరియాలలోని పైపరిన్ ఆ ఎంజైమును మందగింపజేయగలదు; మోతాదుగా త్రికటుచూర్ణం తింటే మందు రక్తంలో హెచ్చవచ్చు. చారులో వేసే నాలుగు మిరియాలకు భయం లేదు. రోగనిరోధక శక్తిని పెంచుతామనే లేహ్యాలు, చూర్ణాలు నివోలుమాబ్ నడుస్తున్నంతకాలం నేను ఇవ్వను. బలానికి పెసరకట్టు, మజ్జిగ, రాగిజావ చాలును.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా, ఆగిపోయినా, నలుబది దాటినవారు మూత్రపరీక్ష, స్కానింగ్, వైద్యుడు చెప్పితే సిస్టోస్కోపీ చేయించుకొనవలెను. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్లనుండి గుంటూరుకు రైలున్నది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నది. గడ్డ ముక్క తీసి పరీక్షించిన తరువాత "క్యాన్సరే" అన్న మాటతో ఇంటికి రావద్దు, ఏ రకమని అడగండి. కాగితంలో అరుదైన రకం పేరు ఉంటే మరొక పెథాలజీ నిపుణునిచేత చూపించండి. ఆ ముక్కను మైనపు దిమ్మలో పెట్టి లాబొరేటరీలో దాచి ఉంచుతారు; అడిగి తీసికొని, వెళ్ళిన ప్రతి ఆసుపత్రికీ వెంట తీసికొనిపోండి.