క్రిప్టో వాలెట్ కోడ్‌ను మీరే కంపైల్ చేస్తే సేఫేనా? మ్యాక్ యూజర్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇదీ..

2019 నవంబర్ 18. మొనెరో క్రిప్టో కరెన్సీ అధికారిక వెబ్‌సైట్ నుంచి వాలెట్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకున్న ఓ యూజర్‌కు డౌట్ వచ్చింది. ఫైల్‌కు వచ్చిన హ్యాష్ నంబర్, సైట్‌లో ఇచ్చిన నంబర్ కలవలేదు. వెంటనే గిట్‌హబ్‌లో రిపోర్ట్ చేశారు. ఆరా తీస్తే షాకింగ్ విషయం బయటపడింది. డౌన్‌లోడ్ సర్వర్‌లోకి ఎవరో చొరబడి, అసలు ఫైల్ తీసేసి నకిలీది పెట్టారు. దాదాపు 35 నిమిషాల పాటు అధికారిక సైట్ నుంచే దొంగ వాలెట్ డౌన్‌లోడ్ అయింది. దాన్ని రన్ చేసిన ఒకరు తన ఖాతాలోంచి దాదాపు 7 వేల డాలర్ల విలువైన నాణేలు మాయమయ్యాయని చెప్పారు.

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ క్రిప్టో వర్గాల్లో వినిపించే సలహా ఒకటే. 'రెడీమేడ్ ఫైల్ ఎందుకు? కోడ్ ఓపెన్ సోర్సే కదా. మీ కంప్యూటర్‌లో మీరే కంపైల్ చేసుకోండి'. వినడానికి బాగానే ఉంది. మరి అలా చేస్తే నిజంగానే డబ్బు సేఫా? దీనికి జవాబు అంత సింపుల్ కాదు.

కంపైల్ చేయడం అంటే ఏంటి?

ప్రోగ్రామర్లు రాసేది మనిషి చదవగలిగే కోడ్. అది కంప్యూటర్‌కు నేరుగా అర్థం కాదు. దాన్ని మెషీన్ భాషలోకి మార్చే పనే కంపైల్ చేయడం. అంగట్లో కారం ప్యాకెట్ కొనడానికి, మిరపకాయలు తెచ్చి మనమే మిల్లులో పట్టించుకోవడానికి ఉన్న తేడా లాంటిదే ఇది. ప్యాకెట్‌లో ఏం కలిపారో తెలీదు. పట్టించుకుంటే మాత్రం ఏం వేశామో మనకు తెలుసు. కనీసం తెలుసని అనుకుంటాం.

బిట్‌కాయిన్‌నే తీసుకుంటే, 2009 జనవరిలో సతోషి నకమోటో పేరుతో వచ్చిన మొదటి వెర్షన్ విండోస్‌కు మాత్రమే పని చేసింది. ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ పేరుతో విండోస్, లైనక్స్, మ్యాక్ అన్నింటికీ వస్తోంది. సోర్స్ కోడ్ మొత్తం అందరికీ అందుబాటులోనే ఉంది.

మ్యాక్‌లో ఎలా చేస్తారు?

ముందుగా యాపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ వేసుకోవాలి. కంపైలర్ అందులోనే వస్తుంది. తర్వాత హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్ కావాలి. దాని ద్వారా సీమేక్, బూస్ట్, లిబ్ఈవెంట్ లాంటి టూల్స్, లైబ్రరీలు దించుకోవాలి. ఆ తర్వాత గిట్‌తో సోర్స్ కోడ్ తెచ్చుకుని, విడుదలైన వెర్షన్ ట్యాగ్‌కు మారి, రెండు కమాండ్లు కొడితే బిల్డ్ మొదలవుతుంది. గతంలో ఆటోటూల్స్ అనే పాత పద్ధతి ఉండేది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 29.0 వెర్షన్ నుంచి పూర్తిగా సీమేక్‌కు మారిపోయారు. అందుకే పాత యూట్యూబ్ వీడియోలు చూసి ట్రై చేసేవాళ్లకు మధ్యలోనే ఎర్రర్లు వస్తుంటాయి.

బిల్డ్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్ సైజు ఇప్పటికే 600 జీబీ దాటింది. మొత్తం డౌన్‌లోడ్ చేసి చెక్ చేయాల్సిందే. డిస్క్‌లో చోటు లేనివాళ్లు పాత బ్లాకులు తీసేసే ప్రూనింగ్ ఆప్షన్ వాడుకోవచ్చు.

ఇక్కడే మొదలవుతుంది అసలు చిక్కు

పైన చెప్పిన లిస్ట్‌ను మరోసారి చూడండి. కంపైలర్ యాపిల్‌ది. ఇన్‌స్టాలర్ ఇంకొకరిది. లైబ్రరీలు మరికొందరివి. అంటే, వాలెట్ తయారు చేసినవాళ్లను నమ్మడం మానేసి ఇంతమందిని నమ్మడం మొదలుపెట్టామన్నమాట. మిరపకాయలు మనవే. మిల్లు మాత్రం మనది కాదు.

ఈ భయం కొత్తది కాదు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లోనే ప్రచురితమైన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ ముప్పును వివరించారు. కంపైలర్‌లోనే మోసం ఉంటే, కోడ్ ఎంత శుభ్రంగా ఉన్నా తయారయ్యే ప్రోగ్రామ్‌లో దొంగ దారి ఉండొచ్చని ఆయన చూపించారు.

సరిగ్గా 31 ఏళ్లకు, 2015 సెప్టెంబర్‌లో అలాంటిదే జరిగింది. చైనాలో యాపిల్ సర్వర్ నుంచి ఎక్స్‌కోడ్ డౌన్‌లోడ్ చాలా స్లోగా ఉండటంతో కొందరు డెవలపర్లు స్థానిక క్లౌడ్ సైట్లలో దొరికిన కాపీ వాడారు. ఆ కాపీలోనే వైరస్ ఉంది. వాళ్లు రాసిన మంచి కోడ్ కూడా చెడ్డ యాప్‌గా బయటికొచ్చింది. వీచాట్ లాంటి పెద్ద యాప్ సైతం ఇందులో చిక్కుకుంది. దీనికే ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అని పేరు పెట్టారు.

2018 నవంబర్‌లో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ది మరో కథ. వాలెట్ టీమ్ తప్పుడు కోడ్ రాయలేదు. వాళ్లు వాడిన ఈవెంట్ స్ట్రీమ్ అనే చిన్న లైబ్రరీ చేతులు మారింది. కొత్తగా బాధ్యత తీసుకున్న వ్యక్తి దానికి జత చేసిన మరో ప్యాకేజీలో, కోపే వాలెట్ కీలను దొంగిలించే కోడ్ పెట్టేశాడు. అప్పటి సోర్స్ తెచ్చుకుని ఇంట్లో బిల్డ్ చేసుకున్నవాళ్లకూ అదే లైబ్రరీ వచ్చే అవకాశం ఉంది.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా దారుణం. లైనక్స్‌లో అందరూ వాడే ఆ కంప్రెషన్ టూల్‌లో, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన ఓ వాలంటీర్ ఖాతా నుంచే బ్యాక్‌డోర్ వచ్చింది. గిట్‌లో కనిపించే కోడ్‌కు, విడుదల చేసిన సోర్స్ ప్యాకేజీకి తేడా ఉంది. దొంగ కోడ్‌ను లోపలికి లాగే స్క్రిప్ట్ ఆ ప్యాకేజీలోనే ఉంది. కంపైల్ చేసేటప్పుడే అది పని మొదలుపెట్టింది. లాగిన్ అర సెకను ఆలస్యం కావడంతో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు అనుమానం వచ్చి, కూపీ లాగితే బండారం బయటపడింది.

మ్యాక్ యూజర్లకు గురి

మ్యాక్‌కు వైరస్‌లు రావనే నమ్మకం చాలామందిలో ఇంకా ఉంది. 2025 జనవరిలో గూగుల్ సెర్చ్‌లో హోమ్‌బ్రూ పేరుతో ఓ నకిలీ యాడ్ వచ్చింది. యాడ్‌లో కనిపించిన అడ్రస్ అసలుదే. క్లిక్ చేస్తే మాత్రం ఒక్క అక్షరం తేడాతో ఉన్న దొంగ సైట్‌కు వెళ్లింది. అక్కడ ఇచ్చిన కమాండ్‌ను టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్ల సమాచారం దోచుకునే ఏమాస్ మాల్‌వేర్ దిగిపోతుంది. అంటే వాలెట్ కంపైల్ చేద్దామని కూర్చున్నవాళ్లు మొదటి మెట్టు దగ్గరే దొరికిపోయే ప్రమాదం అన్నమాట.

ఇంకో విషయం. ఇంటర్నెట్ నుంచి దించిన యాప్‌లను తెరిచే ముందు మ్యాక్‌లోని గేట్‌కీపర్ చెక్ చేస్తుంది. మీ మెషీన్‌లో మీరే తయారు చేసిన ప్రోగ్రామ్‌కు ఆ తనిఖీ ఉండదు. అక్కడ కాపలా కాయాల్సింది మీరే.

మన టెకీలకు ఎందుకు ముఖ్యం?

క్రిప్టోను సొంత వాలెట్‌లోకి మార్చుకోవాలనే ఆలోచన మన దగ్గర బలపడటానికి కారణం ఉంది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్‌పై సైబర్ దాడిలో దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. అందులో క్రిప్టో ఉన్నవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. లాభంపై 30 శాతం పన్ను, లావాదేవీపై 1 శాతం టీడీఎస్ 2022 నుంచి కడుతున్నా, బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు ఇన్సూరెన్స్ రక్షణ క్రిప్టోకు లేదు. దాంతో 'నా కీ నా దగ్గరే ఉండాలి' అనేవాళ్లు పెరిగారు.

ఇక్కడే ఉద్యోగాల వేటలో ఉన్న డెవలపర్లు జాగ్రత్త పడాలి. ఉత్తర కొరియాతో లింకులున్న ముఠాలు లింక్డ్‌ఇన్‌లో రిక్రూటర్ల వేషంలో వస్తున్నాయని భద్రతా నిపుణులు 2023 నుంచి హెచ్చరిస్తున్నారు. మంచి ప్యాకేజీ, రిమోట్ జాబ్ అంటారు. 'చిన్న కోడింగ్ టెస్ట్, ఈ ప్రాజెక్ట్ దించి రన్ చేయండి' అంటూ లింక్ పంపుతారు. ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టగానే మాల్‌వేర్ దిగుతుంది. వాలెట్ ఉంటే ఖాళీ. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే కంపెనీకే ఎసరు. ఓపెన్ సోర్స్ కదా, కోడ్ కళ్లముందే ఉంది కదా అన్న ధీమానే వీళ్లకు పెట్టుబడి. వేల లైన్ల కోడ్‌ను రన్ చేసే ముందు ఎవరు చదువుతారు?

మరి పరిష్కారం ఏంటి?

ఒక్కరే కంపైల్ చేస్తే సరిపోదు. చాలామంది వేర్వేరుగా చేసి పోల్చి చూడాలి. బిట్‌కాయిన్ కోర్ చేస్తున్నది ఇదే. 2021లో వచ్చిన 22.0 వెర్షన్ నుంచి గుయిక్స్ అనే సిస్టమ్ వాడుతోంది. వేర్వేరు చోట్ల ఉన్న డెవలపర్లు ఒకే కోడ్‌ను, ఒకే రకం టూల్స్‌తో విడివిడిగా బిల్డ్ చేస్తారు. అందరి ఫైళ్లూ బైట్ తేడా లేకుండా ఒకేలా రావాలి. వచ్చిన హ్యాష్‌లపై సంతకాలు చేసి పబ్లిక్‌గా పెడతారు. ఒకరి మెషీన్‌లో తేడా ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, హోమ్‌బ్రూ టూల్స్‌తో ఇంట్లో చేసిన బిల్డ్‌ను ఇలా పోల్చలేం. టూల్స్ వేరు కాబట్టి హ్యాష్ కూడా వేరే వస్తుంది. అంటే సామాన్య యూజర్‌కు, చాలామంది సంతకం చేసిన అధికారిక ఫైల్ దించుకుని హ్యాష్, సంతకం రెండూ సరిచూసుకోవడమే సులువు. చాలా సందర్భాల్లో సేఫ్ కూడా. కంపైల్ చేయాలనుకుంటే సంతకం ఉన్న ట్యాగ్‌నే వాడాలి. టూల్స్ అధికారిక అడ్రస్ టైప్ చేసి తెచ్చుకోవాలి, యాడ్ లింక్ నొక్కొద్దు. తెలియనివాళ్లు పంపిన కోడ్‌ను వాలెట్ ఉన్న మెషీన్‌లో అసలు రన్ చేయొద్దు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 హెల్ప్‌లైన్‌కు కాల్ చేయాలి.

మొనెరో ఘటనలో మోసాన్ని పట్టుకున్న యూజర్ చేసింది కూడా ఇంతే. రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూశారు. దానికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. పట్టేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలు బద్ధకిస్తే మాత్రం పోయిన క్రిప్టో తిరిగి రావడం దాదాపు అసాధ్యం.