పక్షుల్ని చూడనివ్వరూ!

సెలవులు వస్తున్నాయంటే ఇంట్లో ఆడదానికి రెండు బెంగలు. ఒకటి, పిల్లలు ఇల్లు పీకి పందిరి వేస్తారని. రెండోది, పక్కింటివాళ్ళు వాళ్ళ పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్ళారు, మనం తీసుకెళ్ళలేదే అని. ఈ రెండో బెంగ తీరటానికి ఒకప్పుడు సర్కసూ, ఎగ్జిబిషనూ సరిపోయేవి. ఇప్పుడు పిల్లలకి ప్రకృతి చూపించటం గొప్ప అయింది. పక్షుల కేంద్రాలూ, మడ అడవులూ, జింకల పార్కులూ, సెలవురోజున ఎక్కడ చూసినా కార్లే.

మంచిదే, వెళ్ళొద్దని నేననటం లేదు. నా పోట్లాటంతా అక్కడికి వెళ్ళి మనం చేసే నిర్వాకం మీద. పిల్లల్ని అంత దూరం తీసుకెళ్ళి, పక్షుల ఎదురుగా నిలబెట్టి, పక్షుల్ని మాత్రం చూడనివ్వటం లేదు మనం!

నేలపట్టు సంగతే తీసుకోండి. సూళ్ళూరుపేట దాటాక, చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే పెద్దరోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యం చేశారు. అంతా కలిపి 458 హెక్టార్లు. చెరువు నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్లు దాని ప్రాణం. ఈశాన్య ఋతుపవనాలకి చెరువు నిండుతుందో లేదో గూడబాతులు దిగిపోతాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో పెలికాన్ అంటారే, అవే. వాటితోపాటు నత్తలు ఏరుకు తినే కొంగలూ, నీటికాకులూ. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ చెట్లనిండా సంసారాలే.

ఆ సంసారాలు ఎంత ముచ్చటైనవనుకున్నారు! గూడబాతు మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. నెలరోజులు పొదగాలి. తల్లి ఒక్కతే కూచోదు, తండ్రి కూడా వంతు తీసుకుంటాడు. (ఈ ఒక్కటీ చూపించటానికైనా మన మగవాళ్ళని వెంటబెట్టుకెళ్ళాలి సుమా!) గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకి ఒంటిమీద ఈక ఉండదు. అది గూడు విడిచి ఎగరటానికి మూడు నెలలకి పైనే పడుతుంది. అందాకా చేపలు తెచ్చి పెట్టేది తల్లీ తండ్రీ ఇద్దరూను. పెద్దది నోరు తెరిస్తే, పిల్ల ఆ గొంతు సంచిలోకి తల దూర్చి తింటుంది.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా చెల్లెలి పిల్లలతో వెళ్ళాను. చెరువు గట్టు మీద మాతోపాటు ఒక స్కూలు బస్సు పిల్లలూ, నాలుగైదు కుటుంబాలూ ఉన్నారు. స్కూలు పిల్లల చేతుల్లో తలా ఒక నోటుబుక్కు. టీచరమ్మ పేర్లు చెపుతోంది, వాళ్ళు తలవంచుకుని రాసుకుంటున్నారు. తల ఎత్తిన పిల్లవాడికి "ఏం చూస్తున్నావురా, రాసుకో!" అని కేక. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఇంకోచోట ఒక తల్లి దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం వడ్డిస్తోంది. ఎనిమిదేళ్ళ కూతురు ఆమె కొంగు లాగి, "అమ్మా, ఆ పిల్ల వాళ్ళమ్మ నోట్లో తల పెట్టిందేమిటే? ఆవిడ మింగేస్తుందా?" అని అడిగింది. తల్లి తల ఎత్తకుండానే, "ముందు తిను, చల్లారిపోతుంది" అంది. తండ్రిగారు సెల్‌ఫోను పట్టుకుని, "ఇటు తిరగవే, ఫోటో సరిగా రావటం లేదు" అన్నాడు. పక్షులకి వీపు తిప్పి నిలబడితే గాని ఫోటో రాదట!

ఆ పిల్ల అడిగిన ప్రశ్నే అసలు చదువు. ఆ ప్రశ్న పుట్టటానికే డబ్బూ పెట్రోలూ ఖర్చుపెట్టి అంత దూరం వెళ్ళాం. అది కాస్తా పులిహోర కింద పడి నలిగిపోయింది. పేర్లదేముంది, అవి పుస్తకంలోనూ ఉన్నాయి, గోడ మీది బొమ్మల కిందా ఉన్నాయి. గుడ్డికొట్టు పెట్టి పేర్లు నేర్చుకున్న పిల్లలు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు గాని, ఇంటి ముందు చెట్టు కొట్టేస్తుంటే "అయ్యో, దానిమీద గూడుంది" అని ఏడవరు. నేను నవలలు రాసుకునేదాన్ని, పక్షిశాస్త్రం నాకు రాదు. కానీ ఏ ప్రాణినీ తీరిగ్గా చూడకుండా దానిమీద ప్రేమ పుట్టదని చెప్పటానికి శాస్త్రం ఎందుకు?

ఇక గోల సంగతి. మెల్లిగా మాట్లాడమంటే అదేదో మర్యాద పాఠం అనుకుంటున్నారు. కాదండీ, అది ప్రాణాల సంగతి. బెదిరి పెద్దపక్షి గూడు మీంచి లేచిందంటే, ఈక లేని పిల్ల ఎండకి మాడుతుంది, గుడ్లు కాకుల పాలవుతాయి. ఎక్కడ బతకటం కష్టమైతే అక్కడినుంచి పక్షులు మొత్తంగా లేచిపోతాయి కూడాను. మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల గురించి రాసిన కె.కె. నీలకంఠన్ 1946లో మన కొల్లేరు దగ్గర గూడబాతుల పెద్ద కాలనీని కనిపెట్టాడు. అప్పుడక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ కాలనీ ఒక్కటీ మిగలకుండా పోయింది. ముప్ఫై ఏళ్ళు పట్టలేదు! పక్షులు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, వచ్చే ఏడు నెమ్మదిగా చూడొచ్చులే అనుకునేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

"మాకంత తీరిక ఎక్కడిదండీ?" అంటారు మీరు. తీరిక లేకనా? పొద్దున చెంగాళమ్మ గుడి, పదింటికి నేలపట్టు, మధ్యాహ్నం పులికాట్, సాయంత్రం చెన్నైలో చీరలు అని చీటీ రాసుకుని బయలుదేరేది మనమే కదా! ఆ నాలుగింట్లో రెండు కొట్టేయండి. ఒక్క చెట్టు ఎదురుగా ఒక్క గంట కూచోండి. మొదటి పావుగంట పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. ఆ విసుగు దాటాకే వాళ్ళకి కళ్ళు తెరుచుకుంటాయి.

ఇంకో మాట. అన్నం సంగతి ఆ ఒక్కపూట మీ ఆయనకి అప్పగించండి. అరటిపళ్ళూ, బ్రెడ్డూ చాలు, ఒక్కరోజుకి ఎవరూ చిక్కిపోరు. ఇల్లు వదిలి అంత దూరం వెళ్ళినా వంటిల్లు నెత్తిన పెట్టుకుని తిరిగే తల్లి ఏ పక్షినీ చూడదు. తల్లి చూడనిదాన్ని కూతురూ చూడదు, పెద్దయ్యాక తనూ దుప్పటి పరిచి వడ్డించటానికే వెళుతుంది. "ఆడపిల్లవి, మెట్లెక్కకు, గౌను మాసిపోతుంది" అని వాచ్‌టవర్ కింద ఆపేసే మాట కూడా ఇంట్లోనే వదిలి రండి. తమ్ముడు పైకెక్కి చూస్తుంటే అక్క కింద చెప్పులు కాపలా కాయటం ఏం న్యాయం?

నేలపట్టు రైతులు ఈ పక్షుల్ని ఎందుకు కాపాడుకున్నారో తెలుసా? వాటి రెట్టలు చెరువులో పడితే ఆ నీళ్ళకి సత్తువ వస్తుంది, ఆ నీళ్ళు పారిన పొలం బాగా పండుతుంది. ఆ సంగతి వాళ్ళకి ఎవరూ నోట్సు ఇచ్చి చెప్పలేదు. ఏటేటా చెరువునీ, చెట్లనీ, పొలాన్నీ కళ్ళారా చూసి తెలుసుకున్నారు. అందుకే పక్షులు వస్తే పంట వస్తుందని సంబరపడతారు. బళ్ళో మార్కులూ, ఇళ్ళలో కార్లూ ఉన్న మన పిల్లలకి ఆపాటి చూపు కూడా మనం ఇవ్వకపోతే, రేపు వాళ్ళు పెద్దవాళ్ళై చెరువులు పూడ్చి ప్లాట్లు వేస్తుంటే తప్పు పట్టే హక్కు మనకి ఉంటుందా?