కరెంటు పోతే సెల్లారు చెరువే! బ్యాటరీ ఆసరా ఏ మేరకు?

వానాకాలం వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో సెల్లార్లు ఉన్నవారికి కరెంటు బెంగ మొదలవుతుంది. ఎరువులకో మందులకో పట్నం వెళ్లే పల్లెవాసులకూ ఈ సెల్లార్లు కొత్త కావు. చాలాచోట్ల దుకాణాలు, గోదాములు వాటిలోనే ఉన్నాయి. పొలంలో కరెంటు పోతే నీరు బావిలోనే ఉంటుంది. సెల్లారులో కరెంటు పోతే నీరు సరుకు మీదికి వస్తుంది.

2021 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వర్షానికి సిరిసిల్ల వీధులు వాగులయ్యాయి. 2022 జూలైలో జగిత్యాల జిల్లాను కుండపోత ముంచెత్తింది. నీరు నిలిచినచోట ప్రాణాపాయం లేకుండా సరఫరా ఆపక తప్పదు. సిరిసిల్లలో సహకార సంఘం 'సెస్' అయినా, జగిత్యాల, కోరుట్లలో ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ అయినా చేయవలసింది అదే. అంటే మోటారు అవసరం ఎక్కువైనప్పుడే అది ఆగిపోతుంది.

అందుకే ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టాలన్న ఆలోచన. లెక్క చూస్తే దాని శక్తి తెలుస్తుంది. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగం వరకు వాడితే అర హార్స్ పవర్ మోటారు సుమారు గంటన్నర నడుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల సెల్లారులో అడుగు లోతు నీరంటే 28 వేల లీటర్లు. నిమిషానికి 150 లీటర్లు తోడే మోటారు అందులో సగం కూడా ఖాళీ చేయలేదు.

కానీ గోడల నుంచి ఊరే నీటికి ఈ ఏర్పాటు చాలు. గుంటలో తేలే స్విచ్ ఉంటే మోటారు గంటకు అయిదు నిమిషాలు నడిచి ఆగుతుంది. బ్యాటరీ రాత్రంతా వస్తుంది. అయితే మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నోరెట్లు కరెంటు లాగుతుంది. లైట్లు, ఫ్యాన్లకు పెట్టిన చిన్న ఇన్వర్టరు దానికి ఆగదు.

వీధి వరద సంగతి వేరు. 2024 జూలై 27న ఢిల్లీలో ఒక కోచింగ్ కేంద్రం సెల్లారులోకి నీరు దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించారు. అంత నీటిని ఇంటి మోటారు తోడలేదు. దిగే వాలు దగ్గర ఎత్తయిన గట్టు, మూసుకుపోని మురుగు కాలువ ముందు కావాలి.

బ్యాటరీని సెల్లారులో కాక పైఅంతస్తులో, గాలి ఆడేచోట పెట్టాలి. ఇన్వర్టరు ఇచ్చేదీ 230 వోల్టులే. నీరు చేరాక సరుకు కోసం కిందికి దిగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సరుకు తడిస్తే మళ్లీ కొనవచ్చు.