ముల్లు కదలని మీటరు

మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ పక్కన ఒక ఇనుప అలమార ఉన్నది. అద్దాలు పగిలిన అమ్మీటర్లు, ముల్లు వంగిన వోల్టుమీటర్లు, స్ప్రింగు చిక్కుపడిన గాల్వనామీటర్లు అందులో ఏళ్ల తరబడి నిద్రిస్తున్నవి. స్టాకు రిజిస్టరులో వాటికెదురుగా "నిరుపయోగం" అని వ్రాసి, తూకానికి అమ్మివేయవలెనన్న ఆలోచన పాలకవర్గం వారికి ఉన్నదని విన్నాను. ఆ ఆలోచన సరియైనది కాదని నా నిశ్చితాభిప్రాయం. అందుకు కారణం ప్రయోగశాలలో కాక, గుడిమల్కాపూర్ పూలమార్కెట్టుకు పోయే దారిలోని ఒక చిన్న మోటారు వర్కుషాపులో నాకు బోధపడినది.

ఆ షాపు ఉస్తాద్ వృద్ధుడు. అంబాసిడర్, పద్మినీ కార్ల కరెంటు పనులలో చెయ్యి తిరిగినవాడు. ఒకనాడు ఆయన బేకలైటు పెట్టెలోని పాత మీటరు నొకదానిని నా ముందుంచి, "సాబ్, సూయీ అటక్‌గయీ. మీరు కాలేజీలో చెప్పేది ఇదే గదా, చూడండి" అన్నాడు. అది మోటారు కార్ల విద్యుత్ పరీక్షకై చేసిన మీటరు. ఒకే ముల్లు కింద మూడు స్కేళ్లు: 16 వోల్టులకు ఒకటి, 30 ఆంపియర్లకు ఒకటి, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు ఎన్ని డిగ్రీలపాటు మూసుకొని ఉంటున్నవో తెలిపేది ఇంకొకటి. షాగిర్దు ఒకడు ఆంపియర్ల తీగలను నేరుగా బ్యాటరీ రెండు కొనలకు తగిలించినాడట. నిప్పురవ్వలు లేచినవి, ముల్లు పోయి అంచుకు కొట్టుకొని వంగినది. అమ్మీటరును బ్యాటరీకి అడ్డంగా కలుపరాదని మనము బోర్డు మీద ఎన్నిసార్లు వ్రాయలేదు! అట్లా కలిపితే ఏమగునో మాత్రం మన విద్యార్థులలో ఒక్కడైనా కన్నులారా చూడలేదు.

మీటరును ఇద్దరు విద్యార్థులతో కలిసి విప్పినాను. లోపల ఉన్నది పాఠ్యపుస్తకంలోని బొమ్మయే. అయస్కాంత ధ్రువాల నడుమ సన్నని తీగచుట్ట, పైన క్రింద వెంట్రుకవంటి స్ప్రింగులు. 1882లో ఫ్రాన్సు దేశంలో దార్సన్వాల్, దెప్రే అనువారు రూపొందించిన కదిలే తీగచుట్ట గాల్వనామీటరు నుండి వచ్చిన నిర్మాణమే ఇది. తీగచుట్ట చెడలేదు. చెడినవి మూడు: ముల్లు, షంటు, మరి అయస్కాంతపు సందులో చిక్కుకొన్న ఒక ఇనుప రజను.

షంటు సంగతి కొంత వివరముగా చెప్పవలసి ఉన్నది. తీగచుట్ట నిరోధం 100 ఓములు. ముల్లు కడవరకు పోవుటకు 1 మిల్లీ ఆంపియరు చాలును. అనగా దానికి పట్టునది ఒక వోల్టులో పదవ వంతు. 30 ఆంపియర్లు కొలువవలెనన్న, మిగిలిన విద్యుత్తునంతా పక్కదారి పట్టించే షంటు నిరోధం ఓములో మూడు వందల వంతు, అనగా 0.0033 మాత్రమే ఉండవలెను. ఈ లెక్కను మన విద్యార్థులు పరీక్షలో తడుముకోకుండా చేయుదురు. కాని ఈ మీటరులో అంతకు ముందెవరో కాలిన షంటుకు బదులు రాగితీగ ముక్క అతికించినారు. నిరోధం సరిగానే కుదిరినది; అయినను కొంతసేపు గడిచేసరికి 30 చూపవలసిన ముల్లు 32 దాటుతున్నది! విద్యార్థులు తలలు పట్టుకొన్నారు. సమాధానం ఉస్తాద్ వేలితోనే దొరికినది. ఆయన ఆ తీగను ముట్టి, "గరం హై" అన్నాడు. రాగి నిరోధం ప్రతి డిగ్రీ వేడికి సుమారు 0.4 శాతం పెరుగును. 20 డిగ్రీలు వేడెక్కితే 8 శాతం తప్పు. అందుకే షంటులకు మాంగనిన్ అనే మిశ్రలోహం వాడుదురు. చేత పట్టుకొని పోదగిన మీటర్లను తయారుచేసిన వెస్టన్ మహాశయుడే 1892లో దానిని రూపొందించినాడు. మాంగనిన్ తీగచుట్టలు మన ప్రయోగశాలలోనే పడి ఉన్నవి. పుస్తకంలో ఒక పంక్తిగా చదివి మరచిపోయిన ఆ మాటను ఆ ఇద్దరూ ఇక జీవితంలో మరువరు.

ఇనుప రజనును ఉక్కు పట్టకారుతో తీయబోతే అయస్కాంతం పట్టకారునే లాగుకొనును. జిగురు కాగితపు అంచుతో మెల్లగా తీసినాము. తీగచుట్టను అయస్కాంతం నడుమనుండి పూర్తిగా బయటికి లాగరాదు. ఈ పాత అయస్కాంతాల బలము దానివలన తగ్గిపోవును. నా పొరపాటు ఒకటి ఒప్పుకోవలెను: స్కేలు మీది మరకను పెట్రోలు గుడ్డతో తుడువబోయి, 20 అంకెలోని సున్నను చెరిపివేసినాను. అది ఇప్పటికీ అట్లే ఉన్నది.

చివరి పరీక్ష ఒక అంబాసిడర్ మీద జరిగినది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు వంతుకు 90 డిగ్రీలు. అందులో పాయింట్లు సుమారు 60 డిగ్రీలు మూసుకొని ఉండవలెను. ముల్లు ఆ తెరచుట, మూయుట అనువాటిని ఒక్కొక్కటిగా చూపలేదు, సగటును చూపును. కాని డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగి ఊగుతుంటే ముల్లు కూడ వణకును. ఆ వణుకును చూచి ఉస్తాద్ రోగమేమిటో చెప్పివేసినాడు.

"చౌకగా డిజిటల్ మీటర్లు దొరుకుచుండగా ఈ తంటా ఎందుకు?" అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కొలత కోసమే అయితే డిజిటల్ మీటరే మేలు, నేనును దానినే వాడుదును. ఇది సరిగా చూపుచున్నదా లేదా అని తేల్చుకొన్నది కూడ డిజిటల్ మీటరుతోనే. కాని దానిని విప్పి చూపితే విద్యార్థికి కనబడునది ఒక నల్లని చిప్పు. పాత మీటరును విప్పితే ఓమ్ సూత్రము, అయస్కాంత బలము, స్ప్రింగు ప్రతిబలము కంటికి కనబడును.

మరొక మాట. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా స్థాపించి ఉర్దూలో శాస్త్ర గ్రంథాలు సిద్ధపరచినారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో ఆ పని చేసినది. మన విద్యార్థులకు "ముజాహమత్" అన్న మాట, "నిరోధం" అన్న మాట రెండూ తెలియును. తెలియనిది ఉస్తాద్ వేలికి తగిలిన వేడి. ఉస్తాదుకు వేడి తెలియును, లెక్క తెలియదు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టినది ఆ పాడైన మీటరే.

అలమారలోనివన్నీ బాగుపడునని నేను చెప్పను. తీగచుట్ట లోపల తెగినవాటికి మన దగ్గర మందు లేదు. అట్టివాటిని విడిభాగాలకై ఉంచుకొనవచ్చును. కావున కమిటీ వారికి నా మనవి ఇంతే: అమ్మకాన్ని ఒక విద్యా సంవత్సరం ఆపండి. శనివారం మధ్యాహ్నాలలో ఒక బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, సన్న స్క్రూడ్రైవర్లు ఇప్పించండి. కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలకు అయ్యే కొద్దిపాటి ఖర్చును ప్రయోగశాల నిధి భరించగలదు. ఉస్తాదును పిలిచి, ఇతర అతిథి ఉపన్యాసకులతో సమానంగా గౌరవ వేతనం ఇవ్వండి. ఆయన శుక్రవారం తప్ప ఏ రోజైనా రాగలనని అన్నాడు.