పాకకూ ఒక ఎర్త్ గుంత కావాలి

పై వీడియోలో మా జీవామృతం యూనిట్ చూశారు కదా. అందులో డ్రమ్ముల వెనకాల ఒక పచ్చ వైరు కనిపిస్తుంది. దాని గురించి వీడియోలో ఒక్క ముక్కే చెప్పి వదిలేశా. అసలు చెప్పాల్సింది అదేనని తర్వాత అనిపించి ఇది రాస్తున్నా.

ఇంటికి 60 మీటర్ల దూరంలో ఆవుల పాక వేసినప్పుడు, ఇంటి మీటరు నుంచి రెండే వైర్లు లాగాం. ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. లైట్లు వెలిగాయి, పంపు తిరిగింది, ఇంకేం కావాలి అనుకున్నాం. కొన్నాళ్లకి ఒక పెయ్య రేకు తొట్టిలో మూతి పెట్టడం, చటుక్కున వెనక్కి లాగేసుకోవడం మొదలుపెట్టింది. నీళ్లు మార్చాం, తొట్టి తోమాం. లాభం లేదు. నెల తిరక్కుండా, తడి చేత్తో పంపు సర్దుతున్న మా పనిచేసే అక్కకి షాక్ కొట్టింది. దేవుడి దయవల్ల బతికింది. చూస్తే పంపు లోపల వైరు దెబ్బతిని బాడీకి కరెంటు వస్తోంది. పంపు బిగించిన ఇనుప స్టాండుకే తొట్టి ఆనుకుని ఉంది. పెయ్య నెల ముందే చెప్పింది, వ్యవసాయ డిప్లొమా చదివిన నాకు అర్థం కాలేదు.

మన పాకలో నేల ఎప్పుడూ తడే. గోమూత్రంలో ఉప్పులుంటాయి, అందులో కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది. మనమైనా చెప్పులేసుకుంటాం, ఆవు నాలుగు కాళ్లూ ఆ తడిలోనే. మనకి తెలియనంత తక్కువ వోల్టేజీ కూడా దానికి తెలుస్తుంది.

'ఒక రాడ్ కొట్టేస్తే సరిపోతుందిగా' అంటారు చాలామంది. సరిపోదు. లెక్క చూడండి. పొడి నేలలో రాడ్ నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. 230 వోల్టులు బాడీకి వస్తే పారేది 11.5 ఆంపియర్లు. మన 16 ఆంపియర్ల ఫ్యూజు దానికి పోదు. ఫ్యూజు పోదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. అందుకే ఎర్త్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. లీకేజీ ఆ మాత్రం దాటితే సెకను లోపే లైను కట్ చేస్తుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఇంటికి ఎర్త్ ఉంది కదా అని దూరంగా ఉన్న పాకని వదిలేయకూడదు. ఇంటి నుంచి మూడో వైరుగా ఎర్త్ తీసుకెళ్లాలి, పాక దగ్గర కూడా గుంత వేసి రెండూ కలపాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. ఉప్పు మన నేలకి పడదు కాబట్టి చెట్ల వేళ్లకీ, ఆవులు తిరిగే చోటుకీ దూరంగా తవ్వించండి. వేసవిలో గుంతలో నీళ్లు పోస్తుండాలి. స్టాండు, తొట్టి, ఆవుల్ని కట్టే పైపులు, చాఫ్ కట్టర్ అన్నీ ఆ ఎర్త్‌కే కలపాలి. బోరు దగ్గర త్రీఫేజ్ మోటారుకైతే రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలే చెప్తున్నాయి.

రెండు పనులు మాత్రం చేయకండి. పాకలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే పాకలో ఇనుమంతా కరెంటే. రెండోది, న్యూట్రల్ లేదని ఫేజుకీ ఎర్త్ రాడ్‌కీ మధ్య బల్బు వెలిగించే అలవాటు. పొలాల్లో ఇది మామూలైపోయింది. ఆ రాడ్ పక్కన తడి నేలలో కాలు పెట్టినవాళ్లకే ప్రాణం మీదకొస్తుంది.

జీవామృతం యూనిట్లు కట్టించి ఇచ్చేవాళ్లకి కూడా ఒక మాట. నేనూ కట్టిస్తున్నా కాబట్టి నాకూ వర్తిస్తుంది. ఎర్త్, ఆర్‌సీసీబీ లేని యూనిట్ పూర్తయినట్టు కాదు. డ్రమ్ములు, పైపులు లెక్కలో రాసి, వీటిని 'తర్వాత చూద్దాం' అని రైతుకి వదిలేస్తున్నాం. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాదు.

నేలలో సూక్ష్మజీవి చచ్చిపోతుందని యూరియా మానేసిన వాళ్లం. ఆ నేల మీద నిలబడే ఆవునీ, మనిషినీ కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాలి. ఈ వారం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పాకలో లైను ఒకసారి చూపించండి. ఆవు తొట్టి దగ్గర బెదిరితే, నీళ్లు మార్చేముందు మెయిన్ ఆపండి.