కొత్త వాద్యం – పాత పొర

మావాడు బేస్ గిటారు కొన్నాడు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అమ్మకానికి తెచ్చిన రకమేనట. తీగలు నాలుగే, ధర మాత్రం నా జీతంలో సగం! తీగల కింద పలకమీద పల్చని ప్లాస్టిక్ పొర వుంది.

"తీయకురా, గీతలు పడతాయి" అన్నాను.

"కారెంపూడిలో వీరుల ఆయుధాలకే పొర లేదు గదా నాన్నా!" అన్నాడు.

తెలుగు పాఠం చెప్పేవాడికి యింతకన్నా శాస్తి వుంటుందా?

పొర మూల లేచింది గాని మరమేకుల దగ్గర చిక్కుకుంది. లాగితే చిరిగి, తునకలు వాటి కిందే వుండిపోతాయి. ఒక్కో మరమేకూ అరచుట్టు వదులు చేశాం, మెల్లగా జారివచ్చింది. తీరా వాయించబోతే, పలకను చెయ్యి తాకినప్పుడల్లా యాంప్లిఫయరులో చిటచిట! అర్ధజీతం కాలిపోయిందనుకున్నాను. కాదు, పొర వూడదీసినప్పుడు పుట్టిన స్థిరవిద్యుత్తు అది. కాస్త తడిగుడ్డతో తుడిస్తే పోయింది. తర్వాత మోగిన మందర తీగకు మా వంటింటి పళ్ళాలు పలికాయి.

"మరి మన ఫ్రిజ్ పిడిమీది పొర యెప్పుడండీ?" అంది మా ఆవిడ.

గోటితో గిల్లి చూశాను. ఆరేళ్ళ నరసరావుపేట యెండలకు జిగురు రాయైపోయింది. కొబ్బరినూనె రాసి కూర్చున్నాను.